సేవావ్యాపారము: మిగులు ఎవరిది?

మదనపల్లె మార్కెట్టుయార్డులో రెండు దృశ్యములు మనవారికి క్రొత్తవి కావు. 2023వ సంవత్సరము జూలైలో టొమాటో ధర కిలో నూరు రూపాయలను దాటిపోయినపుడు దేశమంతయు ఆ యూరి పేరు చెప్పుకొనెను. కోతకూలియైన గిట్టని దినములలో అదే పంటను రైతు దారిప్రక్కన పారబోసి, ఉత్తచేతులతో ఇల్లు చేరుటయు ఆ యార్డు ఎఱిగినదే. ధర పెరిగిననాడు లాభములో అతనికి చేరినది కొంత. ధర పడిననాటి నష్టము మాత్రము పూర్తిగా అతనిదే. ఈ స్థితిని మాన్పుటకు దానధర్మములు చాలవనియు, సర్కారు సాయము నిలుకడగా నుండదనియు తలచినవారు మఱియొక మార్గము చెప్పుచున్నారు. ప్రజలకు మేలుచేయు పనినే వ్యాపారముగా నడపి, దాని లాభముతోనే ఆ పనిని నిలబెట్టుట ఆ మార్గము. దీనిని సామాజిక వ్యాపారమని పిలుచుచున్నారు. పేరు బాగున్నది. ఈ పేరు ధరించి మన యూళ్లకు వచ్చు సంస్థలను ఏ కొలతతో కొలువవలెనో నేడు విచారింపదలచితిమి.

మన మెట్టసీమకు సేవాసంస్థలు క్రొత్త గావు. అనీబిసెంటుగారి పూనికతో 1915లో మదనపల్లెయందు దివ్యజ్ఞానసమాజపు కళాశాల వెలసెను. క్షయరోగుల కొఱకు ఆ చేరువనే ఆరోగ్యవరము ఆసుపత్రి లేచినది. ఆ యూర 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి ఆశయమునుండి ఋషివ్యాలీ పాఠశాల పుట్టెను. 1999లో ఏర్పడిన అగస్త్య ఫౌండేషనువారు కుప్పము చేరువ నెలకొని, పల్లెపిల్లలచేత విజ్ఞానశాస్త్ర ప్రయోగములు స్వహస్తములతో చేయించుచున్నారు. ఇట్టి సంస్థలు పుట్టుటకు దాతల ఔదార్యమే మూలము. వాని మేలు మఱువరానిది. కాని పంటపంటకును టొమాటో రైతునకు విరాళమిచ్చు దాత యెక్కడను లేడు. అతనికి కావలసినది న్యాయమైన బేరము. బేరమును చక్కబఱచు పని వ్యాపారము చేయవలసినదే గాని విరాళము చేయజాలదు. కావున లాభమను మాట వినగానే ముఖము చిట్లించుకొనుట మాకు సమ్మతము గాదు. ఖర్చులు రాబట్టుకొనలేని సంస్థ ఎంత మంచిదైనను రెండవ యేట మూతపడును. దానిని నమ్ముకొన్నవారు మునుపటికంటె అధ్వాన్నస్థితిలో మిగులుదురు.

లాభసేవల నడుమ ఈ పెనగులాట నిన్నమొన్నటిది కూడ కాదు. 1925లో గాంధీగారి నాయకత్వమున అఖిల భారత చరఖా సంఘము స్థాపితమైనపుడు, అది కొన్నది నూలు, అమ్మినది ఖద్దరు. అమ్మకము పెరుగవలెనన్న బట్ట చౌకగా నుండవలెను. బట్ట చౌకగా నుండవలెనన్న రాట్నము త్రిప్పు ఆడుదానికి కూలి తగ్గింపవలెను. పదియేండ్లు ఇట్లు నడచిన పిమ్మట, 1935లో గాంధీగారు ఈ లెక్కను తలక్రిందు చేసిరి. నూలు వడుకువారికి బ్రతుకుదెరువునకు చాలిన కూలి ముందు నిర్ణయింపబడవలెను, ధర దానినిబట్టి రావలెను అని పట్టుపట్టిరి. ఖద్దరు ధర పెరిగినది. కొనువారు తగ్గుదురను భయమును కలిగినది. అయినను సంఘము ఆ దారినే పట్టెను. ఇందు మనకు కావలసిన పాఠమున్నది. సేవావ్యాపారమున ఏదో ఒకనాడు రెంటిలో నొకటి వదులుకొనవలసిన ఘడియ వచ్చును. ఆ ఘడియలో నిర్ణయించు అధికారము ఎవరిదో ముందే తెలిసియుండవలెను.

ఆ ఘడియ మన కుప్పమునకును వచ్చినది. మూడు రాష్ట్రములు కలియు ఆ మూలను హ్యూలెట్ ప్యాకర్డ్ అను అమెరికా కంప్యూటరు కంపెనీ 2002లో ఎన్నుకొని, రాష్ట్రప్రభుత్వముతో కలిసి ‘ఐ-కమ్యూనిటీ’ అను పథకమును మొదలుపెట్టెను. సుమారు మూడు లక్షల జనమున్న ఆ ప్రాంతమున కంప్యూటరు కేంద్రములు తెఱచి, వానిని స్థానికులచేతనే నడిపించుట, సర్కారు దరఖాస్తులు, విద్య, వైద్య, వ్యవసాయ సమాచారము పల్లెలకు అందించుట దాని యుద్దేశము. కంపెనీ తన యుద్దేశమును దాచుకొనలేదు. బీదప్రజల నడుమ మెలగి, వారికి పనికివచ్చు సరకులేవో తెలిసికొని, రేపటి బజారును సిద్ధపఱచుకొనుటయు అందొక భాగము. బీదలను దీనులుగా గాక కొనుగోలుదారులుగా చూడుడని ఉపదేశించిన కోయంబత్తూరు పండితుడు సి.కె. ప్రహ్లాద్‌గారి గ్రంథము 2004లో వెలువడెను. ఆ కాలపు గాలి అది.

ఆ పథకమున మేము మెచ్చుకొను పని యొకటి కలదు. పొదుపుసంఘముల స్త్రీలకు డిజిటల్ కెమెరా, చిన్న అచ్చుయంత్రము, వానికి విద్యుత్తునిచ్చు సౌరఫలకము నిచ్చి, ఊరూర తిరిగి ఫొటోలు తీసి అక్కడికక్కడనే చేతిలో పెట్టు వృత్తి నేర్పిరి. కరెంటు నమ్మరాని పల్లెలలో, ఒక్క ఫొటో కొఱకు పట్టణమునకు బస్సెక్కవలసిన జనమునకు ఇది నిజమైన సౌకర్యము. కెమెరా పట్టిన స్త్రీకి నిజమైన సంపాదన. సేవయు వ్యాపారమును ఒకే చేతిలో ఇముడునని ఆ స్త్రీలు నిరూపించిరి.

అయినను పథకమునకు పెట్టిన గడువు మూడేండ్లు. 2005 ఫిబ్రవరిలో, పథకము మొదలగునాటి కంపెనీ అధినేత్రి కార్లీ ఫియోరినాగారు పదవినుండి తొలగిరి. గడువు తీరగా కంపెనీయు తప్పుకొనెను. దీనికి కంపెనీని నిందించుట సులభము, మేము నిందింపము. ఏ కంపెనీకైనను దాని వాటాదారులే యజమానులు. వారి మేలు చూచుట దాని ధర్మము. కుప్పము స్త్రీలు ఆ కంపెనీకి శిష్యురాండ్రు, సహాయకురాండ్రు, కొనుగోలుదారులు. యజమానులు మాత్రము కారు. ఉండవలెనా పోవలెనా యను నిర్ణయము వేలమైళ్ల దూరమున జరిగినపుడు కుప్పమునకు అందు ఒక్క ఓటైనను లేకపోయెను.

యాజమాన్యము చేయిమారినపుడు జరుగు కీడు ఇంతకంటె తీవ్రముగానుండు నని తెలుగుదేశమునకు 2010లో బోధపడినది. బంగ్లాదేశమున ముహమ్మద్ యూనస్‌గారు నడపిన గ్రామీణబ్యాంకును చూచి, మనయొద్దను సూక్ష్మఋణసంస్థలు పెక్కు లేచెను. మెదక్ జిల్లాలో 1990 దశాబ్ది చివర మొదలైన ఎస్.కె.యస్. సంస్థ మొదట లాభాపేక్ష లేని సంఘము. పిమ్మట కంపెనీయై, 2010 వేసవి గడచునప్పటికి తన వాటాలను బజారున అమ్మి సుమారు 1,650 కోట్ల రూపాయలు సమీకరించెను. బజారు వాటాదారునకు కావలసినది ప్రతి మూడునెలలకును పెరుగు లాభము. ఆ రంగమున పలు కంపెనీలు పోటీపడి ఒకే ఇంటికి రెండుమూడు అప్పులిచ్చిన పల్లెలలో వారపు వసూళ్లు ఉరిత్రాళ్లయ్యెను. ఆత్మహత్యల వార్తలు వెలువడగా ఆ అక్టోబరులోనే రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, బలవంతపు వసూళ్లను నిషేధించి, వారపు వాయిదాలను నెలవాయిదాలుగా మార్చెను. ఆ పిమ్మట ఋణముల వసూలు కుప్పకూలినది. అక్కఱకు చిన్న అప్పు దొరకు దారియు చాలమందికి మూసికొనిపోయినది. సేవ చెడినది, వ్యాపారమును చెడినది.

యూనస్‌గారు తాము కోరు సామాజిక వ్యాపారమునకు పెట్టిన కట్టడి ఇచ్చట స్మరింపదగును. పెట్టుబడి పెట్టినవాడు తన మూలధనమును మాత్రమే తిరిగి పొందవలెను, లాభాంశము పుచ్చుకొనరాదు. మిగులు సంస్థలోనే ఉండవలెను. ఈ నియమము ఎల్లెడల సాధ్యము కాకపోవచ్చును. కాని నియమమనునది యొకటి ముందే వ్రాయబడియుండవలెననుట మాత్రము తిరుగులేని మాట. మంచివారు స్థాపించిన సంస్థ మంచిగనే నడచునని నమ్ముట అమాయకత్వము. స్థాపకులు పోవుదురు, వాటాలు చేతులు మారును. నిబంధనావళి మాత్రము నిలుచును.

లెక్కతో చెప్పిన ఈ సంగతి స్పష్టపడును. ఒక సంస్థకు ఏడాది చివర లక్షరూపాయలు మిగిలినవనుకొందము. సాధారణ కంపెనీయైనచో వాటాదారులు ఆ లక్షను తమ వాటాలకొలది పంచుకొనవచ్చును. సరకు పోసిన రైతునకు వాటా లేనిచో అందు దమ్మిడీయైన చేరదు. కంపెనీల చట్టపు 8వ సెక్షను క్రింద ఏర్పడిన సంస్థయైనచో లాభాంశము పంచుటకు వీలులేదు. లక్షయు ఆశయమునకే తిరిగి ఖర్చుకావలెను. మూడవది ఉత్పత్తిదారుల కంపెనీ. 2002లో కంపెనీల చట్టమును సవరించి దీనికి తావిచ్చిరి. ఇందు పండించువారే, పాలుపోయువారే సభ్యులు. ఎన్ని వాటాలున్నను వ్యక్తిసభ్యునకు ఓటు ఒక్కటే. వాటాధనముపై ప్రతిఫలము పరిమితము. కొంత నిలువనిధికి తీసి, తక్కినదానిని ఎవరెంత సరకు పోసిరో ఆ లెక్కను బోనసుగా పంచవచ్చును. వాటాలు బజారున అమ్ముడుపోవు. లక్ష ఒక్కటే, మూడు పద్దులలో దాని గతి మూడు విధములు. పత్రికలలో వచ్చు ప్రకటనలకంటె, ఫలకములపై చెక్కిన ఆశయములకంటె ఈ పద్దే సంస్థయొక్క నిజస్వరూపమును తెలుపును.

ఇది కాగితపు ఊహ కాదనుటకు మన చెంతనే నిదర్శనము కలదు. పూర్వపు చిత్తూరు జిల్లాలో మెట్టరైతునకు పాడియే ప్రాణాధారము. చిత్తూరు సహకార డెయిరీ బకాయిలు పేరుకొని 2002లో మూతపడినది. పండ్రెండేండ్లకు, 2014లో, జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి బోర్డువారి తోడ్పాటుతో తిరుపతి కేంద్రముగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ పుట్టెను. సభ్యులందఱును స్త్రీలే, నేడు వారి సంఖ్య లక్షకు మించినది. ఆవును మేపి, పేడ తీసి, పాలు పిదుకు పని ఆడుదానిది, డబ్బు అందుకొను చేయి మగవానిది అను పాత ఆచారమును ఆ నిబంధనావళి మార్చినది. 2024లో పారిస్ నగరమున జరిగిన ప్రపంచ పాడి మహాసభలో స్త్రీల అభ్యున్నతికిగాను దీనికి బహుమానము లభించెను. బహుమానముకంటె మాకు ముఖ్యమైనది వేఱొకటి. కుప్పమునుండి కంపెనీ వెడలిపోయినట్లు ఈ కంపెనీ వెడలిపోవుట ఎట్లు? దాని యజమానులు పశువులపాకలలోనే యున్నారు.

పాడిమాట వచ్చినది గనుక పుంగనూరును గూర్చియు చెప్పవలసియున్నది. ఆ యూరి పేరు మోయు పొట్టి ఆవు ఎత్తు సాధారణముగ గజమునకు అటునిటు. తక్కిన ఆవుల పాలలో వెన్న నూటికి మూడునాలుగు పాళ్లుండగా, దీని పాలలో ఎనిమిది వఱకు నుండునని ప్రసిద్ధి. కొద్ది మేతతో, కఱవుకాలమున గూడ ప్రాణము నిలుపుకొను జాతి. సంకరజాతి ఆవులు వచ్చిన పిమ్మట ఇది అంతరించు స్థితికి రాగా, పలమనేరులోని పశుపరిశోధనా కేంద్రము దీనిని కాపాడుటకు పాటుపడెను. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తమ నివాసమున ఈ ఆవులకు మేత తినిపించు చిత్రములు వెలువడగా, దేశమంతట వేడుకకు కొనువారు పెరిగిరి. ధర లక్షలలో పలుకుచున్నది. ఈ లక్షలు ఎవరికి? తరతరములుగా ఎండుగడ్డి పెట్టి ఈ జాతిని నిలిపిన రైతు ఎన్నడో తన దూడను చౌకగా అమ్ముకొన్నాడు. పెంపకపుదారుల సంఘమొకటి ఏర్పడి, వంశావళి పుస్తకము వ్రాసి, అమ్మిన ప్రతి దూడపైనను కొంత సొమ్ము జాతిరక్షణకు తీసి, మిగులును తామే పంచుకొన్నచో ఈ మోజు పుంగనూరునకు భాగ్యమగును. లేనిచో ఊరిపేరు మాత్రము దేశమెల్ల తిరుగును. సొమ్ము ఊరిలోనికి రాదు.

మా వాదమునకు ఎదురుమాటలు లేకపోలేదు. లాభమునకు హద్దు పెట్టినచో పెట్టుబడి ఎక్కడనుండి వచ్చునని అడుగుదురు. ఇది గట్టి ప్రశ్న. బజారున వాటాలమ్మలేని సంఘము బ్యాంకు గడప తొక్కవలెను. బ్యాంకు తాకట్టు అడుగును. పంట కొనుటకు చేత రొక్కము లేక, కళ్లెదుటనే సరకు దలారి బండ్లకెక్కుట చూచు సంఘములు పెక్కు. మఱియు సహకారమను పేరే రక్ష కాదు. మూతపడిన చిత్తూరు డెయిరీయు సహకార డెయిరీయే. 2020లో కేంద్రప్రభుత్వము పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘములను నెలకొల్పుటకు పథకము పెట్టి, నిర్వహణ ఖర్చులకై ఒక్కొక్కదానికి మూడేండ్లలో 18 లక్షల వఱకు సాయమును, సభ్యుల వాటాధనమునకు సరిసమానముగ 15 లక్షల వఱకు గ్రాంటును ఏర్పఱచెను. మంచిదే. కాని మూడేండ్లను మాట వినగానే మాకు కుప్పము జ్ఞప్తికి వచ్చుచున్నది. మూడేండ్ల సాయమును నమ్ముకొని పుట్టి, సాయముతోడనే పోవు సంఘము పేరునకు రైతులదైనను నిజమునకు పథకముదే.

ఈ ఎదురుమాటలు మా కొలతను త్రోసివేయవు, దానికి పదును పెట్టును. పెట్టుబడి నెమ్మదిగా రానిండు. నెమ్మదిగా పెరిగిన సంఘము నెమ్మదిగానే విఱుగును. ఖర్చు రాబట్టుకొను మార్గము సేవను కుదింపకయే దొరకునని చూపినవారును ఉన్నారు. 1976లో పదునొకండు పడకలతో మదురలో డాక్టరు వెంకటస్వామిగారు తెఱచిన అరవింద నేత్రవైద్యశాల, ఇచ్చుకొనగలవారియొద్ద రుసుము పుచ్చుకొని, లేనివారికి ఉచితముగనో స్వల్పవ్యయముతోనో శస్త్రచికిత్స చేసి, తన ఖర్చును తానే భరించుకొనెను. 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదున నెలకొల్పిన నేత్రసంస్థయు ఈ బాటదే. అచ్చట లాభమను గుఱ్ఱమునకు సేవ కళ్లెముగా నున్నది. కళ్లెము సంస్థ నియమములలోనే యున్నది.

కావున మన యూరికి సామాజిక వ్యాపారమను పేరుతో ఎవరు వచ్చినను, వారిని సాదరముగ కూర్చుండబెట్టి నాలుగు ప్రశ్నలడుగుట మన విధి. ఏడాది చివరి మిగులు ఎవరి పద్దునకు పోవును? ఆ సంగతి నిబంధనావళిలో వ్రాయబడినదా, ఉపన్యాసములోనే చెప్పబడినదా? సాయము ఆగిన మఱునాడు సంస్థ తన కాళ్లమీద నిలువగలదా? లెక్కలు సభ్యులకు అర్థమగు తెలుగున వినిపింపబడునా? ఈ నాలుగింటికి సూటిగ బదులు చెప్పువారు లాభము తీసినను మాకు మిత్రులే. తడబడువారు ఉచితముగ పంచిపెట్టినను జాగ్రత్తపడవలసినదే.

అడుగుటతోనే మన పని తీరదు. పల్లెసంఘములు చెడుట తఱచుగా దురాశవలన గాక లెక్క తెలియమివలన జరుగుచున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములలో ఆడిటర్లున్నారు, వకీళ్లున్నారు, కొలువు విరమించిన బ్యాంకు ఉద్యోగులును ఉపాధ్యాయులును ఉన్నారు. ఈ పుటను చదువువారిలోను వారున్నారు. నెలకొక్క ఆదివారము చేరువ పల్లెసంఘమునకు పోయి, జమాఖర్చు పుస్తకము తెఱచి, సభ్యులయెదుట గట్టిగా చదివి చెప్పినచో, ఏ గ్రాంటును ఈయలేని బలమును వారు ఆ సంఘమునకు ఇచ్చినవారగుదురు. రైతు ధరను అదుపు చేయలేడు, వానను అదుపు చేయలేడు. తన సంఘపు పద్దును మాత్రము అదుపు చేయగలడు. దానిని చదువ నేర్పు భారము చదువుకొన్న మనదే.